జుట్టు వరకే

సినిమాల్లో స్త్రీని ఎలా చూపిస్తున్నారన్న ప్రశ్న మీదే నా పిహెచ్.డి. అంతా సాగింది. తెరమీది ఆ ముఖాన్ని తీర్చిదిద్దే చెయ్యి ఎవరిదని మాత్రం నేనెప్పుడూ అడగలేదు.

చారు ఖురానా కేసులో 2014 నవంబరు 10న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదివాక ఆ లోటు తెలిసింది. ముంబయి సినిమా మేకప్ కళాకారుల సంఘంలో మేకప్ కార్డు మగవాళ్లకే. ఆడవాళ్లకు హెయిర్ డ్రెస్సర్ కార్డు మాత్రమే. జడ వేయొచ్చు, ముఖానికి రంగు వేయకూడదు. చారు మేకప్‌లో శిక్షణ పొందినా ఆమెకు కార్డు ఇవ్వలేదు.

ఆడా మగా ఇద్దరికీ పని దొరకాలనే ఈ విభజన అన్నది సంఘం వాదన. దీన్ని తేలిగ్గా తీసిపారేయలేను. ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకునే మేకప్‌మాన్ భయం నిజమైనదే. కానీ ఉన్న పనిని పంచుకోవాల్సి వచ్చినప్పుడల్లా స్త్రీ నైపుణ్యానికే ఎందుకు కత్తెర పడాలి? అతని సంపాదన కుటుంబ పోషణ, ఆమెది వేణ్నీళ్లకు చన్నీళ్లు. ఈ లెక్క సంఘం నిబంధనల్లోకి మన ఇళ్లలోంచే వెళ్లింది.

కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. అది అమల్లో ఉన్నన్నాళ్లూ నాలాంటి విమర్శకులం తెరమీది బొమ్మ గురించే వాదించుకున్నాం. ఆ బొమ్మ తయారయ్యే చోట స్త్రీ పనికి అడ్డుగా నిలిచిన గీత మాకు కనిపించలేదు.

తెర వెనక స్త్రీ కూలి గురించి పట్టించుకోకుండా తెరమీది స్త్రీకి న్యాయం అడిగితే ఆ న్యాయం ఎవరికి? ఈ ప్రశ్న ముందుగా నాకే.