ఊతపదములు

మనుష్యుని మాటలలో ఆలోచించి పలుకునవి కొన్ని. అలవాటుచే వెడలునవి పెక్కు. ఈ రెండవ తెగవానిని మనవారు ఊతపదములందురు. పేరు చక్కగా కుదిరినది. నడువలేనివానికి ఊతకోల యెట్టిదో, మాట తడబడువానికి ఊతపదమట్టిది. అయినను కొన్ని ఊతపదములు చెవినిబడినంతనే మనస్సు చివుక్కుమనును. మఱికొన్ని నూఱుమాఱులు వినినను విసుగు పుట్టింపవు. ఈ భేదమునకు కారణమేమి? ఇది భాషావిషయమువలె కనబడినను నిజమునకు నీతివిషయము.

మాటిమాటికి వినబడుటయే విసుగునకు మూలమని పెక్కండ్రు చెప్పుదురు. అది సరికాదు. తాడేపల్లిగూడెము ఉల్లిపాయల బజారులో బేరము సాగుచున్నంతసేపును "అండీ", "ఆయ్" అనునవి లేక సంభాషణము నడువదు. పైప్రాంతములవారు దీనిని వేళాకోళము చేయుదురు. చలనచిత్రములవారు హాస్యమునకు వాడుకొందురు. కాని ఆ "ఆయ్" చేయు పనియేమి? "నీవు చెప్పినది నాకు వినబడినది, నేనిక్కడనే యున్నాను" అని యెదుటివానికి తెలుపుచున్నది. వేయిసారులు పలికినను అది వేయిసారులును మనిషిని మనిషికి దగ్గఱ చేయునది. కావున దానివలన బాధలేదు.

ఇక "చూద్దాము" అను మాటను గైకొనుడు. మన భాషలో "మేము" వేఱు, "మనము" వేఱు. వినువానిని కూడ కలుపుకొనుటకు "మనము" అందుము. "చూద్దాము" ఆ తెగలోనిది. నీవును నేనును కలిసి చూతమని దాని యర్థము. కొల్లేటి లంకగ్రామమునుండి జాలరి యొకడు ఒకనాటి కూలి పోగొట్టుకొని, బస్సు ఛార్జీ పెట్టుకొని, అర్జీతో ఏలూరు వచ్చినాడనుకొందము. "సరే, చూద్దాము" అని యుత్తరము. ఇందు చూచువాడెవ్వడు? చెప్పినవాడు చూడడు, విన్నవానికి చూచు నధికారము లేదు. వినువానిని కలుపుకొను మాటయే వానిని పంపివేయు మాటయైనది. దీనికి పైమెట్టు "తగు చర్య తీసుకొనబడును" అనునది. తీసుకొనువాడెవ్వడో వాక్యములో నెచ్చటను లేడు.

ఇట్టి మాటలు ఒక్కొక్క అర్జీని మాత్రమే కాక, ఒక దేశభాగమునే కప్పివేయగలవు. కొల్లేటికి బుడమేరు, తమ్మిలేరు మొదలగు నేళ్లు నీరు తెచ్చును. ఉప్పుటేరు దానిని సముద్రమునకు గొనిపోవును. 1970వ దశకములో ప్రభుత్వమే మత్స్యకార సహకారసంఘములకు సరస్సులో చేపలచెఱువులకై భూమి నిచ్చినది. నాటి మాట "అభివృద్ధి". పిమ్మట ధనవంతులు పెక్కుచెఱువులను కౌలునకు గొనిరి. కట్టలు హెచ్చినవి, నీటిదారులు మూసికొనిపోయినవి. 1999లో అయిదవ కాంటూరు వఱకు, అనగా సముద్రమట్టమునకు అయిదడుగుల యెత్తు వఱకు, 308 చదరపు కిలోమీటర్లు వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడెను. 2002లో కొల్లేరు రాంసర్ పట్టికలో చేరెను. 2006లో ప్రభుత్వము చెఱువుకట్టలను తెగగొట్టించెను. నాటి మాట "ఆక్రమణ".

కట్టలు తీయుట తప్పని నేననను. నీటికి దారియుండవలెను, పక్షికి చోటుండవలెను. కాని ఆ రెండు మాటలును చేసిన పనిని చూడుడు. "అభివృద్ధి" యనినప్పుడు ఎవరి వృద్ధియో చెప్పలేదు. "ఆక్రమణ" యనినప్పుడు భూమి నిచ్చినవారెవరో, కౌలులాభము తిన్నవారెవరో, గట్టుమీద కూలిచేసి బ్రదికినవారెవరో చెప్పలేదు. పెద్ద కౌలుదారుడును, వాని చెఱువులో వలలాగిన కూలివాడును ఒక్క మాటక్రింద చేరిరి. మాట ఒక్కటే యైనను నష్టము మాత్రము సమానము గాదు: ఒకనికి పెట్టుబడి పోయినది, మఱియొకనికి అన్నము పోయినది.

అధికారములేని గుమాస్తా "చూద్దాము" అనక మఱేమనునని కొందఱడుగవచ్చును. వాని కష్టము నిజమే. అయినను "ఇది నా చేతిలో లేదు, ఫలానావారిని అడుగుము" అనుటకు అధికారముతో పనిలేదు. ఆ మాటవలన అర్జీదారునకు ఒకనాటి కూలియైనను మిగులును. కఠినముగా తోచినను అదియే మర్యాద.

మనము నవ్వవలసినచోట నవ్వుటలేదు. పల్లెవాని "ఆయ్"ను పరిహసించి, కాగితముమీది "తగు చర్య"కు నమస్కరించుచున్నాము. మొదటిది మాటలాడువాడు ఎదుటనున్నాడని తెలుపును. రెండవది వానిని దాచును. ఊతకోల కుంటివాని చేతిలో నుండదగినది. నడువగలవాడు దానిని అడ్డుపెట్టి దారి మూయరాదు.

కావున చదువరులు ఇట్టి మాట వినబడినప్పుడు విసుగుకొని యూరకుండక, మూడు ప్రశ్నలడుగుదురుగాక: చేయువారెవరు? చేయునదేమి? ఎప్పటిలోపల? ఈ ప్రశ్నలను కచేరీలోనేగాక యింటిలోను అడుగవలెను. జీతమడిగిన పనిమనిషికి "చూద్దాములే" యను గృహస్థునకును, అర్జీని త్రిప్పిపంపు నధికారికిని ఈ విషయమున భేదము లేదు.