పసిపిల్లల క్యాన్సర్, కర్మ సిద్ధాంతం, నర్సు పని

ఏ తప్పూ ఎరుగని పసివాడికి ప్రాణాంతకమైన జబ్బు ఎందుకు రావాలన్నది మతాలన్నిటినీ ఇబ్బంది పెట్టిన ప్రశ్న. పండితులు దాన్ని తీరిగ్గా చర్చించారు. పిల్లల క్యాన్సర్ వార్డులో పనిచేసే నర్సుకు ఆ తీరిక ఉండదు, ప్రశ్న మాత్రం రోజూ ఎదురవుతుంది. తగరపువలసలో ఒక బిడ్డకు రక్త క్యాన్సర్ అని అనుమానం వస్తే ఇంటివాళ్ళు విశాఖపట్నం కేజీహెచ్‌కో, నగరం మొత్తం దాటి అవతలి కొసన అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో బిడ్డను ఎత్తుకుని వెళ్తారు. డాక్టరు వచ్చి చూసి, మందులు రాసి వెళ్తారు. రాత్రంతా మంచం పక్కన తిరిగేది నర్సు. అందుకే తల్లి నోట వచ్చే ఆ మాట ఎక్కువగా ఆమె చెవినే పడుతుంది: "ఏ జన్మలో ఏ పాపం చేసుకున్నామో సిస్టరమ్మా!"

ఈ మాట వెనుక చాలా పాత వాదం ఉంది. లోకంలో ఇన్ని హెచ్చుతగ్గులు, ఇంత బాధ ఉన్నప్పుడు దేవుడికి పక్షపాతం, నిర్దయ అంటగట్టక తప్పదు కదా అన్న ఆక్షేపణను బ్రహ్మసూత్రాలు రెండో అధ్యాయంలో ఎత్తుకున్నాయి. దాన్నే వైషమ్య నైర్ఘృణ్య దోషం అంటారు. ఈశ్వరుడు జీవుల కర్మను బట్టి ఫలమిస్తాడనీ, ఆ కర్మకు మొదలంటూ లేదనీ సమాధానం. తర్కంగా చూస్తే గట్టి సమాధానమే. అయితే దేవుడి మీది నింద తీసేశాక ఆ బరువు ఎక్కడో ఒకచోట దిగాలి; దిగేది మూడేళ్ళ పిల్లవాడి నెత్తిన. తల్లి తనంతట తాను "నా ఖర్మ" అనుకుంటే అది ఒక్కోసారి ఓదార్పు అవుతుంది, ఆ ఏడుపుకు ఒక ఊతం దొరుకుతుంది. అదే మాట చూడవచ్చిన చుట్టాలు అంటే నేరారోపణ అవుతుంది. పైగా శాస్త్రం చెప్పే లెక్కలో ఎవరి కర్మ వారిదే. తల్లిదండ్రుల పాపం పిల్లలకు కొడుతుందన్నది జనంలో స్థిరపడ్డ మరో రూపం. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూపి శిష్యులు అడిగిందీ ఇదే: పాపం అతనిదా, కన్నవారిదా? ఇద్దరిదీ కాదని యేసు జవాబిచ్చాడు. కోస్తా నర్సుల్లో క్రైస్తవులు చాలామంది. ఆ ఘట్టం వాళ్ళకు చిన్నప్పటినుంచీ తెలిసిందే.

మూడో జవాబు తగరపువలస చుట్టుపక్కల కొండల మీద ఒకప్పుడు వినిపించిన మతానిది. తొట్లకొండ, బావికొండ, భీమిలి పావురాలకొండ బౌద్ధ భిక్షువులు నివసించిన చోట్లు. సంయుత్త నికాయంలో సివకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి అడుగుతాడు: మనిషి అనుభవించే ప్రతి బాధా పూర్వకర్మ ఫలమేనా అని. కాదంటాడు బుద్ధుడు. పిత్తం, కఫం, వాతం, వాటి కలయిక, రుతువుల మార్పు, నడవడిలో పొరపాటు, బయటి దెబ్బ ఇలా ఏడు కారణాలు లెక్కపెట్టి, కర్మ ఫలాన్ని ఎనిమిదోదిగా చెబుతాడు. కర్మను నమ్మే మతమే కర్మకు ఇలా హద్దు గీయడం గమనించదగ్గది.

ఇవాళ్టి వైద్యం ఈ జాబితాకు దగ్గరగానే నిలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన ఏటా సుమారు 4 లక్షల మంది పిల్లలు, కౌమారులు క్యాన్సర్ బారిన పడుతున్నారు. వారిలో జన్యువుల ద్వారా వచ్చే ముప్పు కనిపించేది దాదాపు 10 శాతం మందిలోనే. మిగిలిన వారిలో చాలామందికి ఫలానా కారణమని చూపడానికి ఏమీ దొరకదు. కణం విడిపోయేటప్పుడు జరిగిన పొరపాటు, అంతే. తల్లి కడుపుతో ఉన్నప్పుడు తిన్న తిండీ కాదు, గ్రహణం నాడు బయట తిరగడమూ కాదు. "మీ తప్పేం లేదమ్మా" అని నర్సు చెప్పినప్పుడు అది వైద్యం తెలిసిన మాట, తాత్వికంగా కూడా బరువైన మాట. కొందరు తల్లులకు అది వెంటనే ఊరట ఇవ్వదు. పాపమైతే పూజో, మొక్కో చేసి తీర్చుకోవచ్చు. కారణమే లేకపోతే ఏం చేసి తీర్చుకోవాలి?

ఈ చర్చ వార్డులో ప్రాణాల మీదికి వస్తుంది. పిల్లల్లో ఎక్కువగా కనిపించే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియాకు చికిత్స రెండు మూడేళ్ళు సాగుతుంది. మొదటి నెలలోనే జబ్బు కణాలు కనబడకుండా పోయి, బిడ్డ లేచి ఆడుకుంటాడు. ఇక మందెందుకన్న ఆలోచన అప్పుడే పుడుతుంది. సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా బతుకుతుంటే, చాలా పేద దేశాల్లో 30 శాతం కూడా బతకకపోవడానికి చికిత్స మధ్యలో మానేయడం ఒక ముఖ్య కారణం. మానేయడం వెనుక పోయిన కూలి, బస్సు చార్జీలు, ఇంటి దగ్గర వదిలిన మరో బిడ్డ ఉంటారు. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన పథకం ఆసుపత్రి ఖర్చు మోస్తుంది కానీ ఇవన్నీ మోయలేదు. "రాసి ఉంటే బతుకుతాడు" అన్న మాట ఈ కష్టాలన్నిటికీ చివర్న వేసే ముద్ర. చావు లేని ఇంటి నుంచి ఆవాలు తెమ్మని బుద్ధుడు కిసాగోతమిని పంపిన కథను ఇలాంటి చోట చెప్పడం తొందరపాటు. ఆమె బిడ్డ అప్పటికే చనిపోయాడు. వార్డులో బిడ్డకు బతికే అవకాశం ఇంకా గట్టిగా ఉంది.

ఆ అవకాశం కల్పించినవారిలో ఒక తెలుగువాడు ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు యువకుడిగా రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యసించాలనుకున్నారు, తల్లి ఒప్పుకోలేదు. అన్నదమ్ములిద్దరు రోజుల తేడాతో స్ప్రూ వ్యాధికి బలయ్యారు. తర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లాన్నీ, దానికి ఎదురు పనిచేసే మందుల్నీ తయారు చేసిన బృందాన్ని ఆయన నడిపించారు. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చి 1948 జూన్‌లో ఫలితాలు ప్రకటించారు. తీవ్ర స్థితిలో ఉన్న 16 మందిలో 10 మంది కొంతకాలం తేరుకున్నారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. అదే కుటుంబపు మందు మెథోట్రెక్సేట్‌ను నేటికీ ఈ పిల్లలకు ఇస్తున్నారు. తోబుట్టువుల చావును రాతగా సరిపెట్టుకోని మనిషి పని అది.

నర్సు ఎలా ఉండాలో ప్రాచీనులు స్పష్టంగానే చెప్పారు. చరక సంహిత వైద్యానికి నాలుగు పాదాలుగా వైద్యుణ్ణి, మందును, పరిచారకుణ్ణి, రోగిని పేర్కొని, పరిచారకుడికి నాలుగు గుణాలు విధించింది: ఉపచారం తెలియడం, దక్షత, రోగి మీద అనురాగం, శుచి. బౌద్ధ వినయ పిటకం మందు సిద్ధం చేయడం, పథ్యం ఎరగడం, లాభాపేక్ష లేకుండా మైత్రితో చేయడం, మలమూత్రాలకూ వాంతికీ ఏవగించుకోకపోవడం, రోగికి ధైర్యం చెప్పగలగడం ఉండాలన్నది. ఇందులో దక్షతను చిన్న గుణం అనుకోకూడదు. ఇళ్ళ ముందు పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసే విన్‌క్రిస్టీన్ నరంలోకి వెళ్తే మందు. నరం పక్కకు జారితే కండను కాలుస్తుంది. వెన్నులోకి పొరపాటున వెళ్తే ప్రాణం తీస్తుంది. కీమోతో సన్నబడిన పిల్లల నరాలు ఊరికే దొరకవు. ఇక్కడ చేతి నేర్పు కూడా కరుణలో భాగమే.

అనురాగం దగ్గరే అసలు చిక్కు. చరకుడు అనురాగం ఉండాలంటాడు, గీత సంగం వదలమంటుంది. ఇరవై ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఎందరో పిల్లల్ని పోగొట్టుకునే మనిషికి ఈ రెండూ ఒకేసారి ఎలా సాధ్యం? ఫలాపేక్ష లేకుండా చేయడమంటే ఫలితం ఎలా వచ్చినా పట్టించుకోకపోవడం అని అర్థం తీస్తే అది నర్సు వృత్తికే పనికిరాదు. జ్వరం 101 దాటిందా, ప్లేట్‌లెట్లు పెరిగాయా అన్నది ఆమె పట్టించుకుని తీరాలి. తెల్లకణాలు తగ్గిన బిడ్డకు జ్వరమొస్తే గంటలు లెక్క. గీత మూడో అధ్యాయంలో మాట దీనికి సరిపోతుంది: సంగం ఉన్నవాడు ఎంత పట్టుదలగా చేస్తాడో, తెలిసినవాడు లోకసంగ్రహం కోరి అంతే పట్టుదలగా చేయాలి. వదలాల్సింది పని మీది ఆరాటాన్ని కాదు, ఈ బిడ్డ బతికితేనే నేను మంచి నర్సుననే లెక్కను. ఆ లెక్క వదలని నర్సులు కొన్నేళ్ళకు మొద్దుబారిపోతారు, లేదా వార్డు మార్పించుకుంటారు. వాళ్ళను తప్పుపట్టడం న్యాయం కాదు.

సత్యం గురించిన ప్రశ్న ఇంకా సున్నితమైనది. హరిశ్చంద్రుణ్ణి ఆదర్శంగా చెప్పుకునే జాతే కౌశికుడి కథనూ దాచుకుంది: దొంగలకు నిజం చెప్పి అమాయకుల చావుకు కారకుడైన తపస్వి నరకానికి పోయాడని మహాభారతం కర్ణపర్వం చెబుతుంది. బిడ్డకు జబ్బు పేరు చెప్పవద్దని తల్లిదండ్రులు నర్సు చేతులు పట్టుకుంటారు. అమెరికాలో లుకేమియా పిల్లల మధ్య గడిపి పరిశోధించిన మైరా బ్లూబాండ్ లాంగ్నర్ 1978లో ప్రచురించిన పుస్తకంలో తేల్చిందేమిటంటే, ఎవరూ చెప్పకపోయినా పిల్లలకు తమ చావు సంగతి తెలుసు. పెద్దల్ని బాధపెట్టకుండా తెలియనట్టు నటిస్తారు. అనుభవమున్న నర్సు మొదటి రోజునుంచే చిన్న అబద్ధాలు మానుకుంటుంది. "నొప్పి పెట్టదు" అనదు. "నొప్పి పెడుతుంది నాన్నా, పది లెక్కపెట్టేలోగా అయిపోతుంది" అంటుంది. ఆ నమ్మకం మిగిలితే, పెద్ద ప్రశ్న వచ్చిన రోజు బిడ్డ ఆమెనే అడుగుతాడు.

మందులు ఇక పనిచేయని దశలో కర్మ వాదం మరో రూపంలో తిరిగొస్తుంది: బాధ అనుభవించి తీరాల్సిందే, మార్ఫిన్‌తో మత్తులో ఉంచడం దేనికని. హైదరాబాద్‌లో 1955లో మొదలైన ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి పిల్లలకు నొప్పి తగ్గించే సేవను పెద్ద ఎత్తున అందిస్తూ వస్తోంది. మార్ఫిన్‌ను ఆసుపత్రులకు అందకుండా చేసిన 1985 నాటి మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో కొంత సడలించారు. నొప్పి తీరిన బిడ్డ అమ్మ ఒళ్ళో కూర్చుని బొమ్మలు చూస్తాడు. దాన్ని కర్మకు అడ్డుపడటమని ఎవరైనా అంటే, వైద్యం మొత్తాన్నీ అలాగే అనాలి.

బిడ్డ పోతే ఇంటివాళ్ళకు మైల పట్టే రోజుల్ని శాస్త్రం వరసల్ని బట్టి లెక్కకట్టింది. నర్సుకు ఏ వరసా లేదు. ఆ మంచం దుప్పటి మార్చి, మర్నాటి డ్యూటీలో మరో బిడ్డకు నరం వెతకాలి. ఆమె ఏడవడానికి సమయమూ చోటూ ఆసుపత్రులు కల్పించాలన్న ఆలోచన ఇటీవలిదే.

బతికినవాళ్ళు ఏడాదికోసారి చూపించుకోవడానికి వస్తారు. మూడేళ్ళ వయసులో చికిత్స పొంది పదో తరగతికి వచ్చిన పిల్లవాడికి ఆ వార్డు గుర్తుండదు, సూది వేసిన చెయ్యి అసలే గుర్తుండదు. వరండాలో ఎదురుపడితే పక్కకు తప్పుకుని దారిస్తాడు. తల్లి మాత్రం ఆగి, "మన సిస్టరమ్మరా" అని వాడి భుజం తడుతుంది.