గీసిన గుర్రం మీద పరుగు

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో హత్య. చనిపోతూ క్యురేటర్ వదిలిన గుర్తులు. అక్కణ్ణించి ఒకటే పరుగు. డాన్ బ్రౌన్ 2003లో వెలువరించిన ‘ద డావిన్సీ కోడ్’ కథ ఇంచుమించు ఒక రాత్రి, ఒక పగలులో ముగిసిపోతుంది. వందకు పైగా అధ్యాయాలు, చాలావాటికి నాలుగైదు పేజీలే నిడివి. శైలి మీద విమర్శకులు ఎన్ని విసుర్లు విసిరినా, పట్టుకున్న పుస్తకాన్ని మధ్యలో దించినవారు తక్కువే. ఆ ఆనందాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు.

చిక్కల్లా వేరేచోట ఉంది. యేసు మగ్దలేనే మరియను పెళ్ళాడాడనీ, వారి వంశం ఫ్రాన్స్‌లో కొనసాగిందనీ, చర్చి దాన్ని దాచిందనీ ఆ కథ చెబుతుంది. చదివినంతసేపూ భక్తుడు కూడా ఊ కొడతాడు. అది నమ్మకమేనా?

నాట్యశాస్త్ర వ్యాఖ్యాత శంకుకుడు దీనికి దగ్గరి ప్రశ్నే వేసుకున్నాడు. ఆయన జవాబే చిత్రతురగ న్యాయం, అంటే గీసిన గుర్రపు ఉపమానం. బొమ్మలోని గుర్రాన్ని చూసి గుర్రమే అంటాం. అది సత్యజ్ఞానం కాదు, భ్రమ కాదు, సందేహం కాదు, పోలిక కూడా కాదు. రాముడి వేషంలోని నటుణ్ణి ప్రేక్షకుడు చూసేదీ అలాగే. థ్రిల్లర్ పాఠకుడు స్వారీ చేసేది ఆ గుర్రం మీదే.

అయితే డాన్ బ్రౌన్ కథకు ముందు ‘వాస్తవం’ అంటూ ఒక పేజీ పెట్టాడు. ప్రయరీ ఆఫ్ సయాన్ 1099లో పుట్టిన నిజమైన సంస్థ అని అందులో ప్రకటించాడు. గుర్రం గీసి, కింద ‘ఇది సకిలిస్తుంది’ అని రాసినట్టే! నిజానికి ఆ సంస్థను 1956లో ఫ్రాన్స్‌లో పియెర్ ప్లాంటార్ అనే వ్యక్తి, కొందరు మిత్రులు రిజిస్టరు చేయించారు. దాని ప్రాచీనతకు సాక్ష్యాలంటూ జాతీయ గ్రంథాలయంలో చేరిన కాగితాలు 1960లలో పుట్టించినవి.

క్రీస్తు దైవత్వాన్ని 325లో నైసియా సభ ఓట్లతో, అదీ స్వల్ప తేడాతో తేల్చిందని నవలలో ఒక పాత్ర అంటుంది. అక్కడ జరిగిన వాదం వేరు: కుమారుడు తండ్రితో సమానుడా, సృష్టించబడినవాడా అన్నది. చివరికి ఒప్పుకోని బిషప్పులు ఇద్దరే. అంతకు రెండు శతాబ్దాల ముందే, 112 ప్రాంతంలో, క్రైస్తవులు క్రీస్తును దేవుడిగా కీర్తిస్తూ పాడుతున్నారని రోమన్ అధికారి ప్లినీ చక్రవర్తికి రాశాడు.

ఇవన్నీ గ్రంథాలయాల్లో బాహాటంగా దొరికేవే. అయినా దాచిపెట్టినదే నిజమనిపిస్తుంది, ఎందుకని? రహస్యం తెలిసినవాడు ఏమీ మారనక్కర్లేదు, తెలిస్తే చాలు. శత్రువులను ప్రేమించమన్న మాట మాత్రం సువార్తలో అందరికీ కనబడేలా ఉంది. దానికి కోడ్ లేదు, విప్పి గెలిచే వీలూ లేదు. మతంలో కష్టమైనదంతా ఎప్పుడూ బయటే పడి ఉంటుంది. అందుకే కాబోలు, దాని మీద పరుగుల నవలలు రావు.

గీసిన గుర్రాన్ని చూసి బెదిరినవారూ ఉన్నారు. 2006లో ఈ నవల సినిమాగా వచ్చింది. ఇది కల్పన అన్న ప్రకటనతో సెన్సార్ బోర్డు అనుమతించినా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రదర్శనను నిషేధించింది. ఆ జూన్‌లోనే హైకోర్టు నిషేధాన్ని కొట్టివేసింది. నవలను చరిత్రగా నమ్మిన పాఠకుడూ, దానివల్ల విశ్వాసం కూలుతుందని భయపడిన నిషేధవాదీ చేసిన పొరపాటు ఒకటే. ఇద్దరూ బొమ్మకు ప్రాణం ఉందనుకున్నారు.

లండన్‌లో అదే ఏడాది ఇంకో తమాషా జరిగింది. తమ పుస్తకంలోని సిద్ధాంతాన్ని నవలాకారుడు కాజేశాడని ఇద్దరు రచయితలు వేసిన దావా వీగిపోయింది. తీర్పు రాసిన న్యాయమూర్తి పీటర్ స్మిత్ ఆ తీర్పులోనే వాలు అక్షరాలతో ఒక సంకేతం దాచాడు. చిక్కుముడి రుచి న్యాయపీఠాన్నీ వదల్లేదన్నమాట.

ఇక, యేసు పెళ్ళికి నవలలో సాక్ష్యంగా చూపేది ఫిలిప్పు సువార్త. ఈజిప్టులోని నాగ్ హమ్మాదిలో 1945లో దొరికిన కాప్టిక్ ప్రతి అది. యేసు మరియను ఎక్కడ ముద్దాడాడో చెప్పాల్సిన మాట దగ్గర ఆ ప్రతి చినిగిపోయింది. పండితులు అక్కడ బ్రాకెట్లు పెట్టి ఊహను ఊహగానే చూపిస్తారు. నవలలో ఆ ఖాళీ కనబడదు.