ఓడిన మాటకి చోటు

మార్పుకి ఆమోదం వచ్చాక, దాని మీద జరిగిన వాదన ఎవరిక్కావాలి? కోడ్‌లో మిగిలేది గెలిచిన మాటే. "ఇలా వద్దు" అన్న మాట కామెంట్లలోనే ఉంటుంది; టూల్ మారిస్తే చాలాసార్లు అదీ పోతుంది. గెరిట్ లాంటివి మాత్రం పాత ప్యాచ్‌సెట్ల మీది కామెంట్లని కూడా గిట్‌లోనే దాస్తాయి.

నాకిది స్టోరేజ్ గొడవ కాదు, న్యాయం సంగతి. 1976లో, ఎమర్జెన్సీ కాలపు హెబియస్ కార్పస్ కేసులో, అయిదుగురు జడ్జిల్లో హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు. ఆ అసమ్మతి తీర్పుతోపాటే అచ్చయింది. 2017లో సుప్రీంకోర్టు ఆయన వైపే నిలబడింది.

చరిత్ర దాస్తే మన విసుగూ, తెలివితక్కువ ప్రశ్నలూ మిగిలిపోతాయి, నిజమే. కానీ రేపు సిస్టమ్ కుప్పకూలాక "ముందే ఎవరూ చెప్పలేదే" అంటారు. అది నిజమో కాదో తేల్చేది ఆ కామెంటే.