మంచుచరియయు మానవబాధ్యతయు

మన తెలుగునేలపై ఆకాశమునుండి గడ్డకట్టిన మంచు రాలదు. పుష్యమాసపు వేకువల పొలములమీద పొగవలె వ్రాలి, ప్రొద్దెక్కకమునుపే మాయమగు తేమనే మనము మంచని పిలుచుచున్నాము. కావున ఎక్కడనో కొండవాలున మంచుచరియ విరిగిపడి మనుష్యులను పూడ్చివేసెనను వార్త కనబడినప్పుడు, దానిని పరదేశపు వింతగా చదివి పుట త్రిప్పివేయుదుము. కాని 2016వ సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీన సియాచెన్ హిమానీనదముపై, సుమారు 19,600 అడుగుల ఎత్తున మంచు విరిగిపడి పదిమంది సైనికులను కప్పివేసినప్పుడు, వారిలో కర్నూలు జిల్లావాడొకడుండెను. ఎండకు పేరుపడిన సీమలో పుట్టిన బిడ్డ మంచు క్రింద కన్నుమూసెను. నాటినుండి మేమీ విషయమును గూర్చి కొంత చదివితిమి. చదివినకొలది ఇది భూగోళశాస్త్రములోని సంగతి మాత్రమే గాక, ధర్మవిచారములోనికి వచ్చు ప్రశ్న కూడ నని మాకు తోచినది. ఆ ప్రశ్న యిది: తెలియక చేసిన పనికి మనుష్యుడెంతవరకు బాధ్యుడు?

మంచుచరియ యనగా శిఖరమునుండి దొరలివచ్చు గడ్డ యని పలువురి తలంపు. కొండలలో తిరుగువారిని ఎక్కువగ బలిగొనునది అట్టిది కాదు. చలికాలమంతయు మంచు పొరపొరలుగా పడును. ప్రతి తుపానును ఒక పొరను మిగిల్చిపోవును. నేలనంటియున్న మంచు ఇంచుమించు సున్న డిగ్రీల వెచ్చదనమున నుండగా, పైగాలి అంతకంటె మిక్కిలి చల్లగా నుండును. మంచు పలుచగా నున్నచో ఆ భేదము తీవ్రమై, లోపలి ఆవిరి పైకి ప్రాకుచు, మంచురేణువులను కోసుగల పలుకులుగా మార్చివేయును. పంచదార పలుకులవలె అవి ఒకదానితో నొకటి అంటుకొనవు. వానిపై క్రొత్తమంచు పడి, గాలికి బిగిసి, పలకగా నేర్పడును. చూచువానికి తెల్లని నున్నని వాలు మాత్రమే కనబడును. ఆ వాలు 30 మొదలు 45 డిగ్రీల వరకు నున్నప్పుడు ఒక్క మనుష్యుని బరువు చాలును. అడుగున దాగియున్న బలహీనపు పొర కూలును. ఆ కూలుట క్షణములో నలుదెసలకు ప్రాకును. పైపలక అద్దమువలె చిట్లి, తనపై నిలిచినవానితో గూడ జారిపోవును.

ఇందు రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, మనుష్యులను చంపిన యిట్టి చరియలలో నూటికి సుమారు 90 పాళ్లు, చనిపోయినవారో వారి తోడివారో కదలించినవే. కొండ తనంత తాను వచ్చి మీద పడుట అరుదు. రెండవది, రక్షించుటకు గల గడువు అతిస్వల్పము. 10 నిమిషములలోపల వెలికిదీసినవారిలో పదింట తొమ్మండుగురు బ్రతుకుదురు. అరగంట దాటినచో మూడింట ఒకవంతునకు మించి బ్రతుకరు. ఊరినుండి సాయము వచ్చునప్పటికి అంతయు ముగియును. బ్రతికింపవలసినచో తోడివాడే బ్రతికింపవలెను. హాని చేయువాడును, కాపాడవలసినవాడును ఒక్క గుంపులోనివారే యగుట ఈ యాపదలోని విశేషము.

మఱి తెలిసిన త్రోవ క్షేమముకదా యని యనవచ్చును. ఇయన్ మెక్కామన్ అను పరిశోధకుడు అమెరికాలో జరిగిన 715 మంచుచరియ దుర్ఘటనలను పరిశీలించి, వానిలో ఎక్కువభాగము బాధితులకు పరిచయమైన వాలులమీదనే జరిగెనని కనుగొనెను. కారణము కష్టమైనది కాదు. బలహీనపు పొర అంతటను ఒక్క లోతున నుండదు. పదిమంది దాటిపోవచ్చును, పదునొకండవవాడు పలుచని చోట అడుగిడును. ఆ పదిమందియు తాము కొండనెరిగితిమని తలంచి యింటికి మరలుదురు; నిజమునకు వారెరిగినది తమ యదృష్టము మాత్రమే. మన నైయాయికులు వ్యాప్తిని నిశ్చయింపక అనుమానము చేయరాదనిరి. ‘నిన్న నడచితిమి, ఏమియు కాలేదు, కావున నేడును కాదు’ అనునది వ్యాప్తిలేని యనుమానము. లోకమున దీనికే అనుభవమని పేరు!

ఈ ప్రశ్న మిక్కిలి తీక్ష్ణముగా నిలిచిన ఘట్టమొకటి ఎవరెస్టు చరిత్రలో కలదు. 1922వ సంవత్సరము జూన్ 7వ తేదీన మల్లొరీ, సోమర్వెల్, క్రాఫర్డ్ అను మువ్వురు ఆంగ్లేయులు, పదునలుగురు కూలివారితో నార్త్ కోల్ అను కనుమకు ఎక్కుచుండిరి. అంతకుముందు తుపాను వచ్చి మంచు దట్టముగా పడెను. పిమ్మట ఎండ కాసెను. నాయకులు మూర్ఖులు కారు. త్రోవలో ఏటవాలుగానున్న చోట మంచును పరీక్షించి, ఇచ్చటనే నిలిచినది గనుక పైనున్న తక్కువ వాలున భయములేదని తలంచిరి. మధ్యాహ్నము రెండుగంటలు కావచ్చినప్పుడు చప్పుడొకటి వినబడెను. ముందు త్రాటనున్న ఆంగ్లేయులను మంచు కొంత కప్పెనుగాని, వారు పెనగులాడి బయటపడిరి. వెనుకనున్న తొమ్మండుగురు కూలివారిని మాత్రము హిమపు గట్టుమీదుగా లోతునకు త్రోసివేసెను. ఇరువురు ప్రాణములతో దొరకిరి. ఏడుగురు మరణించిరి.

మంచును పరీక్షించినవారు, పోవచ్చునని తీర్మానించినవారు ఒకరు. బరువు మోసినవారు, చనిపోయినవారు వేరొకరు. మల్లొరీ తరువాత వ్రాసిన లేఖలలో ఆ తప్పు తనదేయని ఒప్పుకొనెను. తమలో నొకడైనను చనిపోయి యుండినచో, కూలివారి నష్టములో తామును పాలుపంచుకొంటిమని వారికి తెలిసియుండెడిదని సోమర్వెల్ దుఃఖించెను. వైద్యుడైన ఆ సోమర్వెల్ తరువాత దక్షిణ తిరువాంకూరులోని నెయ్యూరున పేదరోగులకు ఏండ్లతరబడి శస్త్రచికిత్స చేసి, పిదప వెల్లూరి వైద్యకళాశాలలో బోధించెను.

మల్లొరీపక్షమున వాదింపవచ్చును. దావోసు పట్టణమునకెగువ వైస్‌ఫ్లూయోఖ్ అనుచోట స్విట్జర్లాండువారు మంచును గూర్చి శాస్త్రీయముగా పరిశోధన మొదలిడినది 1936లో. 1922లో తెలియని శాస్త్రమును ఆయన ఎట్లు తెలిసికొనును? ఈ వాదము ఆయనను హంతకుడనకుండ కాపాడును, అది న్యాయమే. కాని ఋణమునుండి విడిపింపజాలదు. నేరము వేరు, బాధ్యత వేరు. నేరమునకు దురుద్దేశముండవలెను. బాధ్యతకు అంత యక్కరలేదు. ఒకని నిర్ణయముమీద ఇంకొకని ప్రాణము ఆధారపడియుండిన చాలును. తన ప్రాణమునకే తాను తెగించువానికి కొంత స్వాతంత్ర్యమున్నది. పరుల ప్రాణమును త్రాటకట్టి నడపువానికి, తన తెలివి యెంతయో కాక, తన తెలియనితన మెంతయో కొలుచుకొనవలసిన విధి యున్నది.

ఇతరులను విమర్శించుట సులభము. మా సంగతియు చెప్పవలెను. కొన్నియేండ్ల క్రిందట మేము మా తరగతి పిల్లలను వనభోజనమునకు తీసికొనిపోవుచు వాగొకటి దాటించితిమి. అంతకుముందు మూడేండ్లును అదే రేవున, మోకాలిలోతు నీటిలో దాటియుంటిమి. ఆ యేడు ఎగువన వాన కురిసెనని మాకు తెలియదు. తెలియదనుటకంటె, ఒడ్డున బట్టలుతుకుచున్న చాకలి నడుగలేదనుట సత్యము. నడివాగులో ఒక పిల్లవాడు కాలుజారి కొట్టుకొనిపోయెను. ఆ చాకలియే దుమికి జుట్టు పట్టి లాగెను. పిల్లవాడు బ్రతికెను గనుక మమ్మెవరును నిందింపలేదు. వాని తల్లి మాకు నమస్కరించినది కూడ! ఆ నమస్కారము నేటికిని మమ్ము బాధించుచున్నది. వాడు చనిపోయినను మేము చేసినపని అదియే. మా తప్పు గోరంతయు పెరిగియుండెడిది కాదు. బ్రతికినందున గోరంతయు తరుగలేదు.

మన భాషలో ‘ప్రమాదము’ అను మాట యున్నది. రైలు పడిన ప్రమాదము, ఇల్లు కాలిన ప్రమాదము అని, ఎవరి ప్రమేయమును లేక వచ్చిపడిన ఆపదకు దానిని వాడుచున్నాము. సంస్కృతమున ఆ శబ్దమునకు ముఖ్యార్థము ఆపద కాదు, ఏమరుపాటు. మనుష్యునిలోని దోషమునకు పెట్టిన పేరును మనము తెచ్చి వస్తువులకును కాలమునకును అంటగట్టితిమి. భాష చేసిన ఈ మార్పు మన మనస్సు చేసిన మార్పే. అజ్ఞానము దోషమా యని యడుగువారికి మా ప్రత్యుత్తరము: తెలియకుండుట దోషము కాదు, అడుగుటకు వీలున్నప్పుడు అడుగకుండుట దోషము. ఆ దోషఫలము నోరులేనివారిమీద పడునప్పుడు అది మఱింత ఘోరము.

మన గృహములలోను ఇట్టి పొరలున్నవి. కోడలి మౌనమును సమ్మతియనుకొందుము. చదువు మాన్పించిన బాలిక నవ్వుచు తిరుగుచున్నది గనుక ఆమెకు దుఃఖములేదనుకొందుము. యజమానుడు ఎవరికిని చెప్పక అప్పు చేసి, ఇన్నాళ్లు తీర్చితిని, ఇకముందును తీర్తుననుకొనును. పైన అంతయు నున్నగానే యుండును. ఒకనాడు చిన్నమాటతో ఇల్లంతయు కూలినప్పుడు, ఆ మాటయే కారణమని దానిని నిందింతుము. అడుగున ఏండ్లుగా అంటుకొనని పొరను ఎవరును త్రవ్వి చూడరు.

నేడు మంచుకొండలకు పోవువారికి గురువులు రెండు నియమములు నేర్పుచున్నారు. వాలుమీద అడుగిడకమునుపు గుంట త్రవ్వి పొరలను పరీక్షింపవలెను. గుంపులో ఎంత చిన్నవాడైనను, క్రొత్తవాడైనను ‘మరలిపోదము’ అన్నచో, వాదింపక అందరును మరలవలెను. మొదటి నియమము శాస్త్రమునకు సంబంధించినది; రెండవది ధర్మమునకు. 1922లో ఆ రెండవ నియమము కూలివారికి లేకపోయెను. మన యిండ్లలో ఎవరెవరికి అది కలదో, ఈ వ్యాసమును చదివిన గృహస్థులు నేటి రాత్రి భోజనమువేళ తమ వారినే అడిగి తెలిసికొందురుగాక.