మనకంటే ముందే లేచే దిగులు

తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చేస్తుంది. ఎవరూ లేపలేదు, అలారం మోగలేదు. పైన ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. పక్కన పిల్లలు ఒత్తిగిలి పడుకుని ఉంటారు. మీ బుర్రలో మాత్రం లెక్కలు మొదలైపోతాయి. పదో తారీఖుకి చిట్టీ కట్టాలి. పెద్దమ్మాయి కాలేజీ ఫీజు ఇంకో విడత మిగిలే ఉంది. అమ్మ షుగరు మందులు అయిపోవచ్చాయి. ఇటు నుంచి కూడినా, అటు నుంచి తీసినా లెక్క కుదరదు.

దిగులుకి నిద్రుండదు. మనకంటే ముందే లేచి మంచం పక్కన కూర్చుంటుంది.

ఇంతలో ఫజ్ర్ అజాన్ వినబడుతుంది. లేస్తారు, వుజూ చేస్తారు, నమాజు చదువుతారు. సలాం తిప్పీ తిప్పగానే లెక్క ఆగిన చోటు నుంచి మళ్ళీ అందుకుంటుంది. చదివాను గానీ మనసు నిలవలేదే అని దానికి తోడు ఇంకో బాధ. ఇది మీ ఒక్కరి సంగతే అనుకుంటున్నారా?

జానిమాజ్ మడిచేసేలోపు ఒక మనిషి సంగతి చెబుతాను, వినండి.

ఆయన పేరు అబూ ఉమామ. మదీనాకు చెందిన అన్సారీ. ఒకరోజు దైవప్రవక్త (స) మసీదులోకి వచ్చేసరికి ఆయన కూర్చుని కనిపించారు. అది నమాజు వేళ కాదు. ఈ వేళప్పుడు ఇక్కడ కూర్చున్నావేమిటని ప్రవక్త (స) అడిగారు. దిగుళ్ళు చుట్టుముట్టాయి, అప్పులు మీద పడ్డాయి అన్నారాయన. దాచలేదు. ఏదో ఊరికే వచ్చానని తప్పించుకోలేదు.

ఆయన మసీదులోనే ఎందుకు కూర్చున్నారో హదీసు చెప్పదు. నాకైతే తేలిగ్గానే తోస్తుంది. ఇంట్లో ఉంటే అప్పులవాళ్ళు తలుపు కొడతారు. బజారుకెళితే ఎదురుపడతారు. ఏ ప్రశ్నా అడగని చోటు ఊరు మొత్తం మీద అదొక్కటే అయి ఉంటుంది.

ప్రవక్త (స) ఆయన్ని నిలదీయలేదు. ఎందుకు అప్పు చేశావు, ఎంత చేశావు, ఇంత ఖర్చు ఎందుకు పెట్టుకున్నావు అని ఆరా తీయలేదు. మన పెద్దవాళ్ళు, మన చుట్టాలు మొట్టమొదట అడిగేవి అవే కదా. ప్రవక్త (స) మాత్రం కొన్ని మాటలు నేర్పారు. పొద్దున, సాయంత్రం వీటితో అల్లాహ్‌ను వేడుకో అన్నారు. అలాగే చేశాను, అల్లాహ్ నా దిగులు పోగొట్టాడు, నా అప్పు తీర్చాడు అని ఆ తర్వాత అబూ ఉమామే చెప్పుకున్నారు.

అబూ దావూద్ హదీసు సంపుటంలోని ఈ ఉదంతం పరంపరలో కొంత బలహీనత ఉందని కొందరు హదీసు పండితులు అన్నారు. అది తెలిసే చెబుతున్నాను. ఆ దుఆకి మాత్రం ఏ లోటూ లేదు. చిన్నతనం నుంచి ప్రవక్త (స)కు సేవ చేసిన అనస్ (రజి), ఆయన తరచూ ఈ మాటలతోనే వేడుకోవడం తాను విన్నానని చెప్పారు. అది సహీహ్ బుఖారీలో ఉంది. అంటే ఇతరులకు నేర్పి ఊరుకున్న దుఆ కాదిది. ఆయన తన కోసం తాను పదేపదే అడుగుకున్నది.

ఆ దుఆలో ఏముంది? ఎనిమిది వాటి నుంచి అల్లాహ్ శరణు కోరడం ఉంది. రాబోయేదాన్ని తలుచుకుని పడే దిగులు, జరిగిపోయినదాన్ని తలుచుకుని పడే దుఃఖం. చేతకానితనం, సోమరితనం. పిరికితనం, పిసినారితనం. చివరికి అప్పుల బరువు, మనుషులు మన మీద చేసే పెత్తనం.

అప్పుల బరువు! ఈ మాట దగ్గర ఎప్పుడైనా ఆగి ఆలోచించారా? భూమ్యాకాశాలను పుట్టించినవాడి ముందు చేతులెత్తి మనం స్వర్గం అడుగుతాం, పాపాల మన్నింపు అడుగుతాం. పదో తారీఖు వాయిదా గురించి అడగాలంటే మాత్రం నామోషీ. ఇంత చిన్న సంగతి ఆయన దాకా తీసుకెళ్ళడమా అనుకుంటాం. ప్రవక్త (స) అలా అనుకోలేదు. అప్పును పేరు పెట్టి మరీ దుఆలో చేర్చారు. మన తలుపు తట్టే అప్పులవాడిని, మనల్ని నలుగురిలో చిన్నబుచ్చే మనిషిని కూడా చేర్చారు. అల్లాహ్‌కు చెప్పకూడనంత చిన్న బాధ మీ ఇంట్లో ఏదీ లేదు.

పొలం గట్టు మీద గడ్డిమోపు కట్టుకున్న మనిషిని చూసే ఉంటారు. ఎంత బలవంతుడైనా మోపును తనంతట తాను తలకెత్తుకోలేడు. దారిన పోయేవాళ్ళను పిలిచి, కాస్త చెయ్యి వేయమంటాడు. ఒక్కసారి తలకెక్కితే ఇంటిదాకా నడిచేది మళ్ళీ తనే. పొద్దుటి దుఆ అలా చెయ్యి వేయమని అడగడమే. మోపు మాయమైపోతుందని ఎవరూ అనడం లేదు. ఎత్తుకునే వేళ మీరు ఒంటరిగా లేరు, అంతే.

నాకంత తీరిక ఎక్కడిదండీ అంటారేమో. పాలు పొయ్యి మీద పెట్టాలి, టిఫిన్ డబ్బాలు కట్టాలి, ఏడున్నరకి స్కూలు ఆటో వచ్చేస్తుంది. నిజమే. విశ్వాసుల మాత జువైరియా (రజి) ఒకరోజు ఫజ్ర్ నమాజు చదివిన చోటే కూర్చుని అల్లాహ్ స్మరణలో ఉండిపోయారు. బయటికి వెళ్ళిన ప్రవక్త (స) పొద్దు బాగా ఎక్కాక తిరిగొచ్చారు. ఆమె ఇంకా అక్కడే ఉన్నారు. నేను వెళ్ళినప్పటి నుంచీ ఇలాగే ఉన్నావా అని ఆయన ఆశ్చర్యపోయారు. తర్వాత తాను నాలుగు మాటలు మూడుసార్లు పలికాననీ, ఆమె పొద్దుటి నుంచి పలికిన వాటన్నిటితో తూస్తే అవే బరువు తూగుతాయనీ చెప్పారు. ఈ ఉదంతం సహీహ్ ముస్లింలో ఉంది. గంటలకొద్దీ కూర్చోలేని తల్లులకు, డ్యూటీకి పరుగెత్తే అన్నదమ్ములకు ఇంతకంటే ఊరట ఏముంటుంది? మూడే నిమిషాలు దొరికితే ఆ మూడు నిమిషాలే ఇవ్వండి. మనసు పెట్టి ఇవ్వండి.

అసలు ఫజ్రే తప్పిపోయిన రోజు సంగతేమిటి? రాత్రి డ్యూటీ చేసో, జ్వరం వచ్చిన బిడ్డను భుజాన వేసుకుని తిప్పో, తెల్లవారుతుండగా కన్ను మూతపడింది. లేచేసరికి ఎండ గదిలోకి వచ్చేసింది. ఆ రోజంతా ఇంకేముందిలే అన్నట్టు గడిచిపోతుంది. అలాంటి పొద్దున బిలాల్ (రజి)ని గుర్తు చేసుకోండి. ఖైబర్ నుంచి తిరిగొస్తూ రాత్రి ప్రయాణంలో అలసిపోయి ప్రవక్త (స), సహాబాలు అందరూ ఒకచోట ఆగారు. తెల్లవారగానే లేపే పని బిలాల్‌కి అప్పజెప్పి పడుకున్నారు. ఆయన ఓపిక ఉన్నంతసేపు నమాజు చదివారు. చివరికి తూర్పు వైపు తిరిగి ఒంటెకు ఆనుకుని కూర్చున్నారు. కూర్చున్నవారు కూర్చున్నట్టే నిద్రపోయారు. ఎండ వేడి తగిలేదాకా ఎవరికీ మెలకువ రాలేదు. అందరికంటే ముందు లేచింది ప్రవక్తే (స). బిలాల్‌ను పిలిస్తే, తమను పట్టుకున్న నిద్రే నన్నూ పట్టుకుందని విన్నవించుకున్నారు. కోపతాపాలు లేవు. అందరూ అక్కడి నుంచి కాస్త ముందుకు కదిలారు, వుజూ చేశారు, బిలాలే ఇఖామత్ పలికారు, ఫజ్ర్ చదివారు. నిద్రపోయినవారు, మరిచిపోయినవారు గుర్తొచ్చిన వెంటనే చదవాలన్నదే మనకు అందిన ఆదేశం. ఆలస్యమైన పొద్దుకు కూడా అల్లాహ్ దగ్గర చోటుంది.

నమాజు లేని రోజుల్లో ఉన్న అక్కచెల్లెళ్ళు కూడా ఈ మాట గుర్తుంచుకోండి. ఆ రోజుల్లో జానిమాజ్ పరవరు, సరే. జిక్ర్‌కు, దుఆకు అడ్డేమీ లేదు. పొయ్యి దగ్గర నిలబడి చదువుకున్నా చెల్లుతుంది.

ఇంకొకరి బెంగ నాకు తెలుసు. మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడుకుంటాం, నాకు అరబీ చదవడం రాదు, దుఆ నోరు తిరగదు అని. దూదేకుల ఇళ్ళల్లో పుట్టి పెరిగినవాళ్ళు చాలామంది ఈ బెంగతోనే వెనక బెంచీలో కూర్చుంటారు. నమాజులో చదవాల్సినవి అరబీలోనే నేర్చుకోవాలి, మెల్లగానైనా నేర్చుకోండి. నమాజు అయ్యాక చేతులెత్తి అడిగేది మాత్రం మీకు ఏడుపు ఏ భాషలో వస్తుందో ఆ భాషలో అడగండి. మనుషుల భాషలు వేరువేరుగా ఉండటం తన సూచనల్లో ఒకటని అల్లాహ్ సూరా రూమ్‌లో చెప్పాడు. తెలుగును పుట్టించినవాడికి తెలుగు అర్థం కాదా?

అడిగినా కష్టం వస్తే? ఇది గట్టి ప్రశ్నే. ఖలీఫా ఉస్మాన్ (రజి) కొడుకు అబాన్‌కు పక్షవాతం వచ్చింది. పొద్దున, సాయంత్రం మూడేసి సార్లు అల్లాహ్ పేరుతో పలికే ఒక రక్షణ దుఆ గురించి ఆయన ఒకరోజు హదీసు చెబుతున్నారు. వింటున్న మనిషి ఆయన్నే ఎగాదిగా చూడటం మొదలుపెట్టాడు. మరి నీకెందుకిలా అయిందన్నది ఆ చూపుకు అర్థం. అబాన్ దాన్ని దాటేయలేదు. నేను మా నాన్న మీద అబద్ధం చెప్పలేదు, ఆయన ప్రవక్త (స) మీద అబద్ధం చెప్పలేదు, ఇది నాకు వచ్చిన రోజున కోపంలో ఉండి ఆ దుఆ చదవడం మరిచిపోయాను అన్నారు. మంచాన పడ్డవాళ్ళను వేలెత్తి చూపడానికి దయచేసి ఎవరూ ఈ కథ వాడుకోకండి. నన్ను తాకేది వేరే. పక్షవాతం వచ్చాక కూడా ఆయన ఆ దుఆనే నలుగురికీ నేర్పుతూ కూర్చున్నారు. ఇంకొకటి, కోపంతో మొదలైన పొద్దున మొదట జారిపోయేది జిక్రే. మన ఇళ్ళలో యూనిఫాం కనబడలేదని అరుపులు మొదలయ్యే ఆరున్నర వేళను ఒక్కసారి తలుచుకోండి.

పొద్దుటి స్మరణ అంటే మొహం ముడుచుకుని కూర్చోవడం అని కూడా అనుకోవద్దు. ఫజ్ర్ అయ్యాక ప్రవక్త (స) పొద్దు పొడిచేదాకా ఆ చోటే కూర్చునేవారని జాబిర్ బిన్ సముర (రజి) చెప్పారు. సహాబాలు ఆ వేళ పాత అజ్ఞాన కాలపు ముచ్చట్లు చెప్పుకుని నవ్వుకునేవారట. ఆయన చిరునవ్వుతో వింటూ ఉండేవారట. మసీదు మెట్ల మీద మీ పక్కవాడితో రెండు మాటలు మాట్లాడి నవ్వుకున్నా పొద్దు పాడైపోదు.

సరే, ఈ రోజుకి ఇంతే పెట్టుకుందాం. నమాజు అయ్యాక ఫోను వైపు చెయ్యి పోకముందే ఆయతుల్ కుర్సీ ఒకసారి చదవండి. ఇఖ్లాస్, ఫలఖ్, నాస్ సూరాలు మూడేసి సార్లు. అవి మీకు వచ్చినవే. తర్వాత అబూ ఉమామ దుఆ. నోటికి రాకపోతే సయీద్ అల్ ఖహ్తానీ కూర్చిన హిస్నుల్ ముస్లిం అనే జేబు పుస్తకంలో దొరుకుతుంది, చూసి చదువుకోండి. ఆ ఎనిమిదింటిలో ఈ పొద్దున మీ గుండె మీద ఏది కూర్చుందో దాని దగ్గర ఆగండి. ఎంత బాకీ, ఎవరికి, ఎప్పటిలోగా, అన్నీ తెలుగులోనే విప్పి చెప్పుకోండి. చివరగా, కనురెప్పపాటు కూడా నన్ను నాకే వదిలేయకు ప్రభూ అని అడగండి. ప్రవక్త (స) తన గారాల కూతురు ఫాతిమా (రజి)కి పొద్దున, సాయంత్రం అడుగుకోమని నేర్పిన మాటే ఇది.

ఆ తర్వాత ఒక పనుంది. ఆ దుఆలో అప్పుతో పాటు సోమరితనం, పిరికితనం కూడా ఉన్నాయి కదా. అప్పిచ్చిన మనిషి ఫోను చేస్తే ఎత్తకుండా వారం నుంచి తప్పించుకుంటున్నారా? ప్రవక్త (స) నమాజులో అప్పు నుంచి తరచూ శరణు కోరేవారు. ఎందుకంతగా అని ఎవరో అడిగితే, అప్పులో పడ్డ మనిషి మాట్లాడితే అబద్ధమాడతాడు, మాటిస్తే తప్పుతాడు అన్నారు. కాబట్టి ఈ రోజు మీరే ఫోను చేయండి. రేపే ఇస్తానని చెప్పకండి. ఎంత ఇవ్వగలరో, ఎప్పుడు ఇవ్వగలరో నిజం చెప్పి గడువు అడగండి. సిగ్గుపడకండి. ఇబ్బందిలో ఉన్న బాకీదారుకు వెసులుబాటు కలిగేదాకా గడువివ్వమని సూరా బఖరా 280వ ఆయతు చెబుతోంది, అదీ అప్పిచ్చినవాడికే.