ఉపేయమునకు తగిన ఉపాయము

బాలాఘాట్ కొండలలో పుట్టిన మంజీరానది కందకుర్తి వద్ద గోదావరిలో కలియుచున్నది. నడుమ బాన్సువాడ ప్రాంతమున ఎన్నియో తరములు అది ప్రవహించినను, దాని చేరువనే యున్న చేలకు ఆ నీరు అందలేదు. చెరువు నిండిన ఏడు పంట, నిండని ఏడు పస్తు. 1923లో అచ్చంపేట, బంజేపల్లి గ్రామముల వద్ద ఆనకట్ట పని మొదలై, 1931లో నిజాంసాగరము పూర్తియైనది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ దాని నిర్మాణమును నడిపిన ఇంజనీరు. కాలువ బాన్సువాడ మీదుగా బోధను వైపు సాగిన పిమ్మట ఆ భూములలో వరియు చెరకును విస్తారముగా పండినవి. మంజీరలో నీరు మునుపటిదే. వానయు మునుపటిదే. ఆ నీటిని మడికి చేర్చు సాధనము మాత్రము క్రొత్తగా లభించినది.

వైష్ణవ సంప్రదాయమున పొందదగిన దానిని ఉపేయమనియు, పొందించు దానిని ఉపాయమనియు అందురు. పిళ్ళైలోకాచార్యులవారు అర్థపంచకమున జీవుడు తెలిసికొనవలసిన ఐదు విషయములను నిరూపించిరి. తన స్వరూపము, పరమాత్మ స్వరూపము, పురుషార్థము, ఉపాయము, విరోధి యనునవి ఆ ఐదు. ఉపాయము చెప్పి ఊరకుండక విరోధిని గూడ చేర్చుటలో ఎంతటి లోకజ్ఞత కలదో గమనింపుడు. నిజాంసాగరము కట్టిన నాడు దాదాపు 30 టి.ఎం.సి.ల నీటిని పట్టెడిది. ఏటేట చేరిన పూడిక వలన ఆ శక్తి 18 టి.ఎం.సి.ల లోపునకు తగ్గినది. ఆనకట్ట చెక్కుచెదరలేదు; పాత్రలో మన్ను నిండినది. సాధనము చేతనుండగానే సన్నగిల్లు విధము ఇట్టిది.

ఇక్కడ ఒక ఆక్షేపము కలుగును. శ్రీమన్నారాయణుడే ఉపాయము, ఆయనయే ఉపేయము అని నమ్మిన ప్రపన్నునకు వేరు సాధనములతో పని యేమి? మోక్ష విషయమున ఈ మాట సత్యము. కాని పంటకును, పిల్లల చదువునకును, ఇంటి యప్పు తీరుటకును ఇదే మాట చెప్పి కూర్చుండుట ప్రపత్తి కాదు, సోమరితనము. గీతలో పదునెనిమిదవ అధ్యాయమున భగవానుడు ఏ కార్యమునకైనను ఐదు కారణములను చెప్పినాడు. భగవద్రామానుజుల భాష్యమును బట్టి అధిష్ఠానము శరీరము, కర్త జీవాత్మ, కరణములు మనస్సుతో గూడిన కర్మేంద్రియములు, చేష్ట ప్రాణవాయువుల వ్యాపారము, ఐదవది దైవము, అనగా అంతర్యామి. దైవమును ఐదవదిగా చెప్పినంత మాత్రమున తక్కిన నాలుగును రద్దు కాలేదు. పెద్ద బండనో మ్రానునో పలువురు కలిసి కదలించునపుడు ఫలము అందరి వలనను కలుగుననియు, విధినిషేధములు మాత్రము ప్రతివానికిని వర్తించుననియు భాష్యకారులు దృష్టాంతమిచ్చిరి. తోడు పట్టినవాడు ఎంతటి బలవంతుడైనను తన చేయి తాను వేయవలసినదే.

బండలు, మ్రాకులు అనగానే సేతుబంధనము స్ఫురింపక మానదు. విభీషణుని సలహాపై రామచంద్రుడు దర్భలు పరచుకొని మూడు రాత్రులు సముద్రుని ప్రార్థించెను. సముద్రుడు పలుకలేదు. విభీషణుని శరణాగతి వెంటనే ఫలించినది. రాముని శరణాగతి ఫలింపలేదు. అకించనుడు సమర్థుని ఆశ్రయించుట తగును గాని సర్వసమర్థుడు తనకంటె అల్పుని ఆశ్రయించుట పొసగదని పెద్దలు దీనిని వివరింతురు. ఉపాయము గొప్పదే, అయినను అది తగిన చోట తగినవాని చేత ప్రయోగింపబడవలెను. రాముడు విల్లెత్తిన పిమ్మట సముద్రుడు వచ్చి చెప్పినదేమి? నీ సేనలోనే విశ్వకర్మ పుత్రుడైన నళుడున్నాడు, అతడు వారధి కట్టగలడు అనియే.

ఇది మిక్కిలి విచిత్రమైన ఘట్టము. కావలసిన సాధనము మూడు రాత్రులును దండులోనే యుండెను. నళుడు అప్పుడు లేచి, అడుగకుండ తన గుణములను తాను చెప్పుకొనుట తగదని ఊరకుంటినని విన్నవించుకొనెను. అతని వినయము మెచ్చదగినదే. కాని అడుగవలసినవారు అడుగకపోవుటయు అందు కలదు. ఎన్ని యిండ్లలో లెక్క తెలిసిన కోడలు, చేను తెలిసిన తమ్ముడు ఇట్లే అడుగువారు లేక మౌనముగా కూర్చుండలేదు! ఇక పని మొదలైన పిమ్మట వానరులు తొలినాడు పదునాలుగు, పిదప వరుసగా ఇరువది, ఇరువదియొకటి, ఇరువదిరెండు, ఇరువదిమూడు యోజనములు కట్టి, ఐదు దినములలో నూరు యోజనములను ముగించిరి. అలసట పెరుగవలసిన చోట పని పెరిగినది.

బాన్సువాడకు సమీపమున తిమ్మాపురము గుట్టపై వెలసిన వేంకటేశ్వరస్వామిని భక్తులు తెలంగాణ తిరుమలేశుడని కొలుచుచున్నారు. ఆ మెట్లెక్కు గృహస్థులలో కొందరు వడ్డీకి అప్పు తెచ్చి మ్రొక్కు చెల్లింతురు. కొందరు పిల్లవాని పుస్తకము తెరువనీయక పరీక్ష నాటి ఉదయమున ప్రదక్షిణములు చేయింతురు. వారి భక్తిని శంకింప పనిలేదు. స్వామికి కావలసినది తులసీదళమే యైనపుడు, సేద్యపు టెద్దులను అమ్మి తెచ్చిన రూకలతో ఆయనకేమి పని?

కంచర్ల గోపన్న కథ ఇక్కడ తప్పక స్మరింపదగినది. పాల్వంచ పరగణా తహసీలుదారుగా ఆయన వసూలు చేసిన పన్నుల సొమ్ముతో భద్రాద్రిరాముని ఆలయము వెలసినది. లక్ష్యము పరమ పవిత్రము. ధనము మాత్రము ఖజానాది. 1672 నుండి 1687 వరకు గోలకొండ నేలిన తానీషా ఆయనను కారాగారమున నుంచెను, పండ్రెండేండ్లని కథనము. తుదకు రామలక్ష్మణులు సేవకుల రూపమున వచ్చి ఆరు లక్షలను చెల్లించిరని భక్తుల విశ్వాసము. సకల లోకేశ్వరుడు తలచిన సుల్తాను మనస్సును మార్చి బాకీ కొట్టివేయింపలేడా? ఆయన అట్లు చేయలేదు. రామమాడలు రాశిగా పోసి లెక్క అప్పగించి, ముట్టినట్లు రసీదు వ్రాయించుకొనెను. ఆ రసీదు వెలువడిన పిమ్మటనే గోపన్న యున్న చెర తలుపు తెరువబడినది.